మూత తీయని సీసా

"ఆ అమ్మాయికి నేను సూది వెయ్యలేదు," అన్నాడు డాక్టరు.

అని, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల సగంమంది పిల్లల గొంతులు టార్చిలైటు వేసి చూసినవాడు. ఆ పిల్లల ఫొటోలు బల్లమీద అద్దం కింద ఇప్పటికీ నవ్వుతున్నాయి.

"విన్నారుగా వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పక్క కుర్చీలోకి తిరిగి. "మీ చెవులతో మీరే విన్నారు. ఇక ఈ కేసులోంచి మీరు మర్యాదగా తప్పుకోవచ్చు."

పక్క కుర్చీలో కూర్చున్నావిడ అతని అన్నగారి భార్య. వృత్తి ప్రైవేటు డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ స్టేషన్లో కూడా నోరారా వదినా అని పిలవడంవల్ల కానిస్టేబుళ్ళు, రైటరు, ఒకరిద్దరు పాతదొంగలు సైతం ఆమెను వదిన అనే అంటారు. అసలు పేరు విజిటింగ్ కార్డు మీద ఉంది గాని దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె ఈ మరిదికి లెక్కలు నేర్పింది. ఆనాటినుంచి అతను ఆమె ముందు ఏదో ఒకటి రుజువు చెయ్యాలన్న తాపత్రయంలోనే ఉన్నాడు. ఇవాళ రుజువు చేసేశాడు. ఆ వెలుగు మొహంలో తెలుస్తూనే ఉంది.

చనిపోయింది ఇరవై ఆరేళ్ళ పిల్ల. నదుల లోతు కొలిచే ఉద్యోగం. ఆ పనిమీద దట్టమైన అడవులున్న దేశానికి వెళ్ళింది. తిరిగొచ్చిన వారంలో జ్వరం తగిలి, ఆసుపత్రిలో కన్నుమూసింది. ఎల్లో ఫీవర్ అని, ముదిరితే కళ్ళు పచ్చబడే అడవిజ్వరమని పరీక్షలో తేలింది. దోమకాటుతో వచ్చే ఆ జ్వరానికి మందంటూ లేదు గాని, ప్రయాణానికి ముందే సూది వేయించుకున్నవాళ్ళ జోలికి సాధారణంగా రాదు. సూది వేసినట్టు ఈ డాక్టరు సంతకం, ముద్ర ఉన్న పసుపురంగు కార్డు ఆమె పాస్‌పోర్టులోనే దొరికింది. సూది వేయించుకున్న పిల్లకి జ్వరం ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. సూదే వేయించుకోలేదన్నది మరిది జవాబు.

"సూది చూస్తే కళ్ళు తిరుగుతాయంది," డాక్టరు చెప్పుకుపోతున్నాడు. "కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు, ఉద్యోగం పోతుందని ఏడ్చింది. నాకూ ఒక కూతురుంది. మనసు కరిగి ముద్ర వేసి ఇచ్చేశాను. ఏ శిక్ష వేసినా పడతాను."

"బయటికొచ్చినప్పుడు చేతిమీద దూది అదుముకుని ఉందని వాళ్ళమ్మ చెప్పింది," అంది వదిన.

"దూది నేనే ఇచ్చాను. అమ్మ బయట కూర్చుంది, నమ్మించాలి అంది."

"ఆ రోజు ఆ సూదికి ఇంకెవరైనా వచ్చారా?"

"ఆ అమ్మాయితో కలిపి అయిదుగురు. ఈ మందు ఒకసారి కలిపితే గంటల్లో పాడైపోతుంది. సీసాలో అయిదుగురికి సరిపడా ఉంటుంది. అందుకని ఊరు దాటి వెళ్ళేవాళ్ళందర్నీ పోగుచేసి వారానికి ఒక్కరోజే రమ్మంటాం. మిగతా నలుగురికీ వేశాను. ఆ అమ్మాయి వంతు పారబోశాను."

"మీ చేత్తోనే వేశారా?"

"సిస్టర్ ఆ రోజు సెలవు. నేనే వేశాను."

ఇన్‌స్పెక్టర్ లేచి టోపీ సర్దుకున్నాడు. "మధ్యాహ్నానికి నా రిపోర్టు వెళ్ళిపోతుంది. కంపెనీవాళ్ళు కూడా చెప్పారు వదినా. ఆఫీసులో రక్తపరీక్షలు పెడితే ఆ అమ్మాయి క్యాంటీన్ దారిన జారుకుందట. సూదంటే అంత భయం."

"ఈ సంగతి వాళ్ళమ్మకి చెప్పావా?"

"ఈయన నిన్న సాయంత్రమే నాతో ఒప్పుకున్నాడుగా, పొద్దున్నే చెప్పాను. దాచడం ఎందుకు?"

వదిన తలుపు వైపు చూసింది. అద్దంలోంచి వెయిటింగ్ హాలు కనిపిస్తోంది. గోడవారగా బెంచీ చివర ఒకావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ఆమె బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదిలోనే మిషను. సూది మీద బతికే ఇంట్లో సూదంటే వణికే పిల్ల పుట్టిందని చుట్టాలందరూ ఎగతాళి చేసేవారట. నాలుగురోజుల కిందట వదిన ఇంటికి వచ్చి ఆమె అడిగింది ఒక్కటే.

'డబ్బూ వద్దు, జైళ్ళూ వద్దండీ. వారం రోజులు బతిమాలి తీసుకెళ్ళాను దాన్ని. పగలంతా నేను సూది పట్టుకునే ఉంటాను కదే, నన్నేమైనా కొరుక్కు తిందా అని చెప్పి తీసుకెళ్ళాను. లోపల్నించి నవ్వుకుంటూ వచ్చింది. అయిపోయిందమ్మా, ఇంతోటిదానికా భయపడ్డాను అంది. దార్లో నా భుజంమీద చెయ్యేసుకుని నడిచింది. ఇప్పుడు పోలీసులు సూదే వేయించుకోలేదేమో అంటున్నారు. అదంతా నాటకమా? నా కూతురు నాకు అబద్ధం చెప్పి పోయిందా, అది తేల్చండి చాలు.'

ఆ తేల్చే పని ఇవాళ పొద్దున్నే మరిది తేల్చిపారేశాడు.

"నేను సూదులు వేసే గది చూస్తాను," అంది వదిన లేస్తూ.

"అక్కడేముంది చూడ్డానికి? సూది వెయ్యలేదని ఆయనే ఒప్పుకుంటుంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వరండాలో ఆమె వెనకే నడుస్తూ. గొంతు తగ్గించాడు గాని విసుగు తగ్గించలేదు. "మీకు నేను చెప్పింది నిజమవడం ఇష్టం లేదు. అంతే."

"అది నిజమే. కాని ఇంకోటుంది. తప్పు ఒప్పుకున్నవాడు కుంగిపోవాలి. ఈయన చెప్పేకొద్దీ తేలికపడుతున్నాడు. నువ్వు నమ్ముతున్నకొద్దీ ఇంకా తేలికపడ్డాడు. నాకా తేలిక నచ్చలేదు."

"తేలిక నచ్చలేదని కోర్టులో రాయమంటారా?"

"రాయకు. నీ దస్తూరీ ఎవరికీ అర్థం కాదు."

సూదులగది చిన్నది. ఒక ఎత్తుబల్ల, ఒక స్టూలు, చేతులు కడుక్కునే తొట్టి, మూలగా మందుల ఫ్రిజ్. గోడమీద ప్రపంచపటం. ఏ దేశం వెళ్ళేవాళ్ళు ఏ సూది వేయించుకోవాలో రంగుల గుండుసూదులు గుచ్చి ఉంది. నర్సు అప్పుడే పసిపిల్లకి టీకా వేసి పంపించి ట్రే తుడుస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. పోలీసుని చూడగానే తుడిచిన ట్రేనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"భయపడకు సిస్టర్, ఆయన నాతో వచ్చాడు," అంది వదిన. "అడవిజ్వరం సూది ఎలా కలుపుతారో ఒకసారి చూపించు. నాకు ఇంజెక్షనంటే చెయ్యి చాపడం తప్ప ఇంకేం తెలియదు."

నర్సు ఫ్రిజ్ తెరిచింది. మధ్య అరలోంచి వేలెడు సీసా తీసింది. అడుగున తెల్లటి పొడి, బిళ్ళలా గడ్డకట్టి ఉంది. తలుపు అరలోంచి ఇంకో సీసా తీసింది. అందులో నీళ్ళు.

"ఇది మందు మేడమ్. ఇది దాన్ని కలిపే నీళ్ళు. రెండూ జతగానే వస్తాయి. పొడి బాగా చల్లగా ఉండాలి కాబట్టి లోపల పెడతాం. నీళ్ళకి అంత అక్కర్లేదు, తలుపులో పెడతాను. నీళ్ళు సిరంజిలోకి లాగి, పొడిలోకి ఎక్కించి, కలిసేదాకా తిప్పాలి. అప్పుడు అయిదుగురికి వెయ్యొచ్చు."

"మిగతా సూదులన్నీ ఇలాగే కలపాలా?"

"లేదండీ. ఇక్కడ మేం వేసేవాటిల్లో ఇదొక్కటే. మిగతావన్నీ తయారుగానే వస్తాయి. తలుపులోంచి తియ్యడం, వెయ్యడం."

వదిన వంగి ఫ్రిజ్ లోపలికి చూసింది. వంటింటి ఫ్రిజ్ సర్దే ఆడదాని చూపు అది. ముందు వరసని వదిలేసి వెనక వరసకి పోతుంది. పై అర మూలలో, మిగతావాటికి ఎడంగా, ఒక పొడిసీసా రబ్బరు బ్యాండు చుట్టి ఒంటరిగా ఉంది.

"ఇదెవరు?"

"అది వాపసు ఇచ్చేది మేడమ్. దాని జత నీళ్ళసీసా పగిలిపోయింది. కంపెనీ మనిషి వస్తే మార్చుకోవాలి."

"ఎప్పుడు పగిలింది?"

"మా అత్తగారికి కంటి ఆపరేషనని ఒక శుక్రవారం సెలవు పెట్టాను. అప్పటికి స్టాకు అయిపోయి ఒక్క జతే మిగిలింది. అది చాల్లెమ్మా అన్నారు డాక్టరుగారు. మర్నాడొచ్చి చూస్తే పొడి అలాగే ఉంది, నీళ్ళు లేవు. చేతిలోంచి జారి పగిలింది సిస్టర్, వచ్చినవాళ్ళందర్నీ వెనక్కి పంపించేశాను అన్నారు."

వెనకాల ఇన్‌స్పెక్టర్ బూట్లు కిర్రుమన్నాయి.

"అందర్నీనా?" అన్నాడు.

"అందర్నీ అనే చెప్పారండీ. ఎవరికీ వెయ్యలేదు, ఇంకోచోట వేయించుకుంటార్లే అన్నారు. ఆ నదుల కంపెనీ అమ్మాయి పోయిందని తెలిసినప్పుడు, అయ్యో, ఇంకెక్కడా వేయించుకోకుండానే వెళ్ళిపోయిందా అని..." నర్సు ఆగిపోయింది. పోలీసు మొహంలో ఏదో మారిందని ఆమెకు అర్థమైంది గాని ఏమిటో అర్థం కాలేదు.

వదిన ఆ సీసాని బయటికి తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. మూతమీద బిగించిన రేకు బిగించినట్టే ఉంది. ఒక్క గీత లేదు.

"నలుగురికి వేశానని నాతో అన్నాడే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

"నీకు చెప్పిన కథలో నలుగురికి పడింది. ఈవిడకి చెప్పిన కథలో ఎవరికీ పడలేదు. ఆ రోజున్నది ఒకటే జత. దాని మూత ఎవరూ తియ్యలేదు. చూడు, చేత్తో పట్టుకుని చూడు. ఆ నలుగురి చేతుల్లోకి ఎక్కిందేమిటి?"

అతను చూశాడు. తర్వాత ఠక్కున వెలిగాడు. తప్పుదారిలో వెలగడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటే. "ఎవరికీ వెయ్యలేదు. అందరికీ ముద్రలు కొట్టి పంపించాడు. దొంగకార్డుల వ్యాపారం వదినా ఇది. ఒక్కదాన్ని ఒప్పుకుని మిగతావి దాస్తున్నాడు."

"వ్యాపారం చేసేవాడు చిరిగిన కుర్చీకి గుడ్డపట్టీలు కట్టుకుని కూర్చోడు, ఆయన కుర్చీ చూడలేదా? ఆ రోజు గదిలో ఇంకో మనిషి ఉండి ఉండాలి. కార్డులు ఇచ్చేదెవరు సిస్టర్?"

"కౌంటర్లో అమ్మగారు."

కౌంటర్లో అమ్మగారంటే డాక్టరు భార్య. క్లినిక్ తలుపులు తెరిచి ఉన్నంతసేపూ ఆమె భర్తని 'డాక్టరుగారు' అంటుంది. తాళం వేశాక 'ఈయన' అంటుంది. వదిన అటు నడుస్తూ మరిదిని మంచినీళ్ళ కుండీ దగ్గర ఆపేసింది.

"నువ్విక్కడే ఉండు. నిన్ను చూస్తే జనం సాక్ష్యం చెప్తారు. నాతో అయితే మాట్లాడతారు."

డాక్టరు భార్య ఫోన్ పెట్టేసి తలెత్తింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిద్రలేదా అండీ?" అంది వదిన.

"ఎక్కడ నిద్ర? ఈయన, అదే, డాక్టరుగారు రెండువారాలుగా అన్నం ముట్టడం లేదు. ఆ పిల్ల పోయిందన్న కబురు వచ్చిన దగ్గర్నించీ ఇంతే. మందు పనిచెయ్యకపోతే మీదా తప్పు అంటే వినరు."

"మీరు చూశారా ఆ అమ్మాయిని?"

"చూడకపోవడమేమిటండీ? సిస్టర్ లేదుగా, నేనే ఒక్కొక్కర్నీ లోపలికి తీసుకెళ్ళాను. ఆ పిల్ల అందరికన్నా చివర కూర్చుంది. వంతొచ్చేసరికి మొహం తెల్లబోయింది. నేనే స్టూలు పక్కన నిలబడి భుజం పట్టుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుంది. కెవ్వుమంటుందనుకున్నాను. అననే లేదు. సూది తీసేశాక ఒక కన్ను తెరిచి, 'అయిపోయిందా ఆంటీ?' అంది." ఆమె చేత్తో నోరు అదుముకుంది. "మీసాలున్న మగాడు మా అల్లుడికన్నా ఆ పిల్లే నయం. వాడికీ ఆ రోజే వేశారు. రెండోసారి వేసేప్పుడైతే చిన్నపిల్లాడిలా పేచీ."

"రెండోసారా?"

"తరవాతి వారం ఇంటికి పిలిచి మళ్ళీ వేశారుగా. మొదటిది సరిగ్గా ఎక్కలేదట. సొంత మామగారు డాక్టరైతే ఇదే బాధ అని నవ్వుకున్నాం."

ఆమె తలవెనక గోడమీద డాక్టరు ఎంతో ఓపికగా రంగులు వేయించి పెట్టిన బోర్డు ఉంది. ప్రయాణికులకు సూచనలు. అందులో అడవిజ్వరం సూది పక్కన లావుపాటి అక్షరాలతో రాసి ఉంది: జన్మలో ఒక్కసారి చాలు.

వదిన ఆ బోర్డు వంక చూసింది. తర్వాత మంచినీళ్ళ కుండీ దగ్గరున్న మరిది వంక చూసింది. అతను గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, తాగడం మర్చిపోయి నిలబడ్డాడు.

*

డాక్టరు గదిలో తలుపు వేసి, వదిన ఆ సీసాని బల్లమీద అద్దం మీద పెట్టింది. సరిగ్గా పిల్లల ఫొటోల పైన.

"నీళ్ళు వేశారు," అంది.

ఆయన సీసా వంక చూశాడు. కాదనలేదు.

"ఎన్నో ఏళ్ళయింది నేను సూది కలిపి," అన్నాడు. "అంతా సిస్టరే చూసుకుంటుంది. తలుపులో సీసా కనబడింది. మందు పేరే ఉంది దానిమీద. మిగతావన్నీ అలాగే తీసి వేస్తాంగా. అలాగే తీశాను. అలాగే వేశాను."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. ఫ్రిజ్ మూస్తుంటే లోపల పొడి కనబడింది."

"ఏం చేశారు?"

"అల్లుడికి ఫోన్ చేశాను."

"మిగతావాళ్ళ నంబర్లు లేవా?"

"ఉన్నాయి."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. వదిన చెయ్యి కొంచెం ఎత్తింది.

"రెండో నంబరు కూడా నొక్కాను," అన్నాడు డాక్టరు. "మోగకముందే పెట్టేశాను. ఏమని చెప్పాలి? ముప్ఫై అయిదేళ్ళుగా డాక్టరుని, మీకు నీళ్ళు పొడిచాను అని చెప్పాలా? రేపు చేద్దామనుకున్నాను. రేపు కూడా రేపే అయింది. తరవాత, అడవికెళ్ళిన ప్రతివాళ్ళకీ జ్వరం వస్తుందా ఏమిటి, వందలమంది వెళ్ళొస్తున్నారు అనుకున్నాను. వాళ్ళు వెళ్ళిపోయే రోజులు దాటిపోయాయి."

"అది భయం. అర్థమవుతుంది," అంది వదిన. "కాని నిన్న సాయంత్రం మా మరిదికి చెప్పినది భయం కాదు. పోయిన పిల్లని పట్టుకుని అబద్ధాలకోరుని చేశారు. వాళ్ళమ్మ ముందు నాటకమాడిందన్నారు."

"ఆ పిల్లకి ఇక కొత్తగా బాధేముంటుంది అనిపించింది. ఒకరికి జాలిపడి ముద్ర వేశానంటే మందలించి వదిలేస్తారనీ..."

"ఆ పిల్లకి లేదు. వాళ్ళమ్మ బయట బెంచీమీద ఉంది."

ఆయన తలవంచుకున్నాడు. ఈసారి ఆ తలలో తేలిక లేదు. వదినకు తను అనుకున్నది నిజమైనందుకు ఎప్పుడూ కలిగే చిన్న సంతోషం ఇవాళ కలగలేదు.

"పద," అంది మరిదితో. "పొద్దున్న నువ్వు చెప్పావు. ఇప్పుడూ నువ్వే చెప్పాలి."

"మీరు చెప్పండి వదినా. నాకు ఇలాంటివి చేతకావు."

"పొద్దున చేతనైందిగా."

అతను హాల్లోకి వెళ్ళాడు. బెంచీ దగ్గర టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చివరికి బెంచీమీద పెట్టి, తను కూడా దాని పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, పొద్దున నేను చెప్పింది తప్పు. మీ అమ్మాయి సూది వేయించుకుంది."

ఆమె అతన్ని నమ్మకుండా వదిన వైపు చూసింది.

"వేయించుకుంది," అంది వదిన. "భుజం పట్టుకున్నావిడ కౌంటర్లోనే ఉంది. నీ కూతురు నీకు అబద్ధం చెప్పలేదు చెల్లీ."

"ఏడ్చిందా?"

"లేదు. కళ్ళు మూసుకుంది. అంతే."

ఆమె తల ఊపింది. మెల్లగా, చాలాసార్లు. సంచి పట్టీమీద బిగిసిన వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఒక్క క్షణం ఆ మొహంలో ఏదో గర్వంలాంటిది మెరిసింది. పరీక్ష ప్యాసైన పిల్ల తల్లి మొహంలా. తర్వాత అది కూడా వెళ్ళిపోయింది.

"మరి జ్వరం?"

"సూదిలో మందు లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నీళ్ళున్నాయి. పొరపాటున వేశారు. ఆ సాయంత్రమే తెలిసింది. చెప్పలేదు."

ఆమె అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. తన ఎడమ దండచేతిని కుడిచేత్తో నిమురుకుంటూ కూర్చుంది.

"అయితే దాని చెయ్యి ఊరికే నొప్పిపెట్టారన్నమాట," అంది.

ఎప్పుడొచ్చిందో, డాక్టరు భార్య కౌంటర్ బయట నిలబడి ఉంది. అన్నీ విన్నది. భర్త గది తలుపు వంక చూసింది. ఆయన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ చూపులో ముప్ఫై ఏళ్ళ కాపురం ఎటుపోయిందో వదిన చూడదలుచుకోలేదు. చూపు మళ్ళించుకుని అడిగింది.

"అయిదుగురన్నారు. ఈ అమ్మాయి, మీ అల్లుడు. ఇంకా ముగ్గురు. ఎవరు వాళ్ళు?"

"ఓడలో వంటచేసే అతనొకడు," అన్నాడు డాక్టరు. "అతను వెళ్ళనే లేదు. కాలు విరిగి ఇంట్లోనే ఉన్నాడు. నేనే కట్టు కట్టాను. మిగతా ఇద్దరూ కొత్త దంపతులు. జలపాతాలు చూడ్డానికి వెళ్ళారు."

"తిరిగొచ్చారా?"

ఆయన చూపు కౌంటర్ మీది ఫోన్ వైపు పోయింది. అది చూసి భార్య రంగు మారిపోయింది.

"వచ్చారు," అందామె. "మొన్న ఆ పెళ్ళికూతురు నాకు ఫోన్ చేసింది. వచ్చి నాలుగురోజులైంది ఆంటీ, ఆయనకి జ్వరం, ఒళ్ళునొప్పులు, డాక్టరుగార్ని అడగండి అంది. నేను లోపలికొచ్చి అడిగాను." ఆమె భర్త వైపు తిరిగింది. గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "అడిగానా లేదా? వాతావరణం మారి ఉంటుంది, జ్వరంమాత్ర వేసుకుని పడుకోమను అన్నారు. అదే చెప్పాను. నా నోటితో చెప్పాను."

డాక్టరు ద్వారబంధం పట్టుకున్నాడు.

"ఇల్లెక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను అప్పటికే లేచాడు. డాక్టరు భార్య వీధి పేరు చెప్పింది. అతను జీపు తాళాలు తీసి గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. "ముందు ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఉన్నారో లేదో."

ఆమె కౌంటర్ ఫోన్లో నంబరు నొక్కబోయింది. రెండుసార్లు తప్పుపోయింది. మూడోసారి నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. రింగవుతుంటే రిసీవరు చేత్తో పట్టుకుంది గాని, మాట్లాడే శక్తి లేనట్టు చుట్టూ చూసింది.

బెంచీమీంచి ఆ తల్లి లేచి వచ్చింది. రిసీవరు తన చేతిలోకి తీసుకుంది.

"హలో," అంది అవతల ఒక లేత గొంతు.

"అమ్మా, క్లినిక్ నుంచి. మీ ఆయనకి ఎలా ఉంది?"

"ఓ, మీరా. మీరు చెప్పిన మాత్రే వేశానండీ. నిన్నటినుంచి జ్వరం పూర్తిగా తగ్గిపోయింది. పొద్దున్న లేచి స్నానం చేశారు, గడ్డం కూడా గీసుకున్నారు. ఆఫీసుకి పోతానని ఒకటే గొడవ."

డాక్టరు భార్య ఊపిరి వదిలి కౌంటర్‌ని ఆనుకుంది. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ భుజాలు వదులయ్యాయి. వదిన మాత్రం డాక్టరునే చూస్తోంది. ఆ కబురు విని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మా అమ్మాయికీ ఒకరోజు అలాగే పూర్తిగా తగ్గింది తల్లీ," అంది ఆమె ఫోన్లో, నిదానంగా, అంచు కుట్టేటప్పుడు గుడ్డని పట్టుకున్నట్టు ప్రతి మాటనీ పట్టుకుంటూ. "లేచి జడ వేసుకుంది. సినిమాకి పోదామంది. నేను సంబరపడ్డాను. ఆ సంబరంలో ఒక పూట పోయింది. నువ్వొక పని చెయ్యి. ఆయన్ని కిటికీ దగ్గరికి పిలు. కనురెప్ప కిందికి లాగి, వెలుతుర్లో తెల్లగుడ్డు చూడు. ఏ రంగులో ఉందో నాకు చెప్పు. నేను ఫోన్ పెట్టను."

"ఎందుకండీ? మీరు..."

"పిలు తల్లీ."

అవతల ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు. 'ఇటు రండి ఒకసారి. అబ్బ, రండి, క్లినిక్ వాళ్ళు చూడమంటున్నారు' అన్న మాట. మగగొంతు ఏదో జోకు వేసింది. ఆ పిల్ల నవ్వింది. కిటికీ తెర పక్కకి జరిగిన శబ్దం వినిపించింది.

నవ్వు సగంలో ఆగిపోయింది.

బయట జీపు స్టార్టయింది. ఇన్‌స్పెక్టర్ ఎవరి మాటకీ ఆగలేదు. డాక్టరు పెద్దాసుపత్రికి ఫోన్ చెయ్యడానికి గదిలోకి పరుగెత్తాడు; ఈసారి మధ్యలో పెట్టెయ్యకుండా వదిన వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

కౌంటర్ దగ్గర ఆ తల్లి రిసీవరుని రెండు చేతులతో చెవికి అదిమి పట్టుకుంది.

"చూశావుగా. ఏడవకు. ఇప్పుడు ఏడవడానికి టైము లేదు," అంటోంది. "చెప్పులేసుకో. ఆయన్ని నడిపించి వీధిగుమ్మంలో కూర్చోబెట్టు. బండి వస్తోంది."